మూడడుగుల చోటు

పామర్రులో పంటకాలువ పక్క సందులో ఒక పెంకుటిల్లుంది. ఆ ఇంటి ముందు జాగాలో, ప్రహరీగోడని ఆనుకుని ఒక మూడడుగుల చోటు. ఆ చోటు మంచిది కాదని వీధిలో చిన్నపిల్లలకి కూడా తెలుసు. అద్దెకొచ్చినవాళ్ళెవరూ ఏడాది ఉండలేదట. ఒకాయన అక్కడ స్కూటర్ స్టాండేసి పడుకుంటే పొద్దున్నకి బోర్లా పడి ఉండేదట. ఇంకొకావిడ పూలకుండీ పెడితే... సరే, అదీ నిలవలేదనుకోండి.

ఇవన్నీ తెలియనిది ఒక్క మునీర్‌కే. తెలియదు గనకే కొన్నాడు.

మునీర్‌కి విజయవాడ వన్ టౌన్‌లో ప్లాస్టిక్ సామాన్ల హోల్‌సేల్ దుకాణం. కాపురం దుకాణం పైనే, ముప్పైరెండు మెట్లెక్కాలి. తల్లి మెహబూబ్ బీకి మోకాళ్ళ ఆపరేషనయ్యాక ఆ మెట్లు దిగడం ఆవిడ వల్ల కాలేదు. ఆర్నెల్లు కిటికీ దగ్గర కూర్చుని హ్యాండ్‌కార్ట్‌లు లెక్కపెట్టుకుంది. "చదునైన నేల మీద ఉత్తకాళ్ళతో నడిపించండి. ఇలాగే కూర్చుంటే ఇంక లేవరు" అన్నాడు డాక్టరు. ఆ మాట కోసం మునీర్ ఈ ఇల్లు కొన్నాడు. తను రోజూ బస్సులో బెజవాడ వెళ్ళొస్తున్నాడు.

తీరా చూస్తే ముందు జాగా నిండా తుంగ, గరిక. ఎక్కడ చూసినా మిట్టపల్లాలు. వచ్చిన వారానికే మెహబూబ్ బీ తుంగ దుబ్బు తగిలి ముందుకి తూలింది. గోడ చేతికందబట్టి సరిపోయింది.

"ఈ గడ్డంతా పీకించేస్తా అమ్మీ! కొత్తది పరిపిస్తా, తివాచీలాగా" అన్నాడు మునీర్.

పని అబ్రహాముకి అప్పజెప్పాడు. అబ్రహాము చుట్టుపక్కల ఊళ్ళలో లాన్లు వేసే మనిషి, పని ఎరిగినవాడు. పాత గడ్డి వేళ్ళతో సహా పీకించాడు. తుంగగడ్డలు ఒక్కొక్కటీ ఏరించాడు. ఎర్రమట్టీ ఇసకా కలిపి చదును చేశాడు. కడియం నుంచి లారీలో గడ్డి చాపలొచ్చాయి... మట్టితో సహా కోసి చుట్టిన పచ్చటి చాపలు. వాటిని అంచుకి అంచు ఆనించి పరిచి, పైన రోలర్ తిప్పి, "రెండు పూటలా తడపండి సార్, పదిహేను రోజుల్లో వేరు పట్టుద్ది" అని చెప్పి వెళ్ళాడు.

ఆ సాయంత్రం మెహబూబ్ బీ కొడుకు చెయ్యి పట్టుకుని ఈ కొస నుంచి ఆ కొసకి పదకొండుసార్లు నడిచింది. "మఖ్మల్ రా బేటా" అని నవ్వింది. ఆవిడ నవ్వి చాన్నాళ్ళయింది. మునీర్‌కి పెట్టిన ఖర్చంతా ఆ పూటే తిరిగొచ్చేసినట్టనిపించింది.

నాలుగోరోజు పొద్దున గోడ దగ్గర గడ్డి దిగిపోయింది.

ఎక్కువేం కాదు, నాలుగు వేళ్ళ లోతు. అబ్రహాము వచ్చి చాప ఎత్తి, మట్టి నింపి, మళ్ళీ పరిచాడు. మూడురోజులకి మళ్ళీ దిగింది. ఈసారి జానెడు. మళ్ళీ నింపారు. మళ్ళీ దిగింది. మిగతా లానంతా క్యారమ్ బోర్డులా నున్నగా ఉంది, అదొక్కటే గుంట. అదీ అడ్డదిడ్డంగా కాదు... నాలుగు మూలలూ గీత గీసినట్టు.

"ఏం పనయ్యా ఇది? చేసిందే చెయ్యడం, పోసిందే పొయ్యడం!" మునీర్ కేకలేశాడు.

అబ్రహాము గుంట కొలిచాడు. పొడవు మూడడుగులు, వెడల్పు రెండు. టేపు చుట్టి జేబులో వేసుకుని, మెళ్ళో సిలువ ఒకసారి తడుముకున్నాడు.

"సార్... ఇది పెద్దోళ్ళది కాదు. పసిబిడ్డది."

"ఏంటి పసిబిడ్డది?"

"సమాధి సార్. నేనిక్కడ గునపం దింపను. ఏమీ అనుకోవద్దు."

వెధవ గడ్డి కోసం వస్తే సమాధి దాకా వచ్చింది వ్యవహారం. మునీర్‌కి ఒళ్ళు మండిపోయింది. గోడవతల ఇంట్లో ఒంటరిగా ఉండే రాఘవమ్మ గారిని అడిగాడు. డెబ్భై దాటిన మనిషి, ఆ సందులో అందరికంటే పాత కాపురం.

ఆవిడ గోడ మీదుగా ఆ గుంట కేసి చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత గొంతు తగ్గించి, "అక్కడ మనిషున్నాడు బాబూ... కదిలించమాక" అంది. అంతే, లోపలికెళ్ళి తలుపేసుకుంది.

ఈ మాట మెహబూబ్ బీ చెవిన పడకుండా ఉంటుందా? పడింది. ఆ రోజు నుంచి ఆవిడ గడ్డి మీద కాలు పెట్టలేదు. "ఎవరి బిడ్డో ఏమో... ఖబర్ మీద నేను తిరగనా? తౌబా! ఆదివారం నన్ను వన్ టౌన్ తీసుకెళ్ళిపో."

"అక్కడ మెట్లు అమ్మీ! ఎక్కితే మళ్ళీ దిగలేవు!"

"దిగకపోతే దిగను."

మునీర్‌కి ఏడుపొక్కటే తక్కువ. అమ్మ నడవాలని ఇల్లు కొన్నాడు, అమ్మ నడవాలని గడ్డి మార్చాడు. ఇప్పుడా గడ్డే అమ్మని మళ్ళీ కిటికీ దగ్గర కూలేస్తోంది.

శుక్రవారం రాత్రి తొమ్మిదింటికి కరెంటు పోయింది. మునీర్ వాకిట్లో అరుగు మీద విసనకర్రతో కూర్చున్నాడు. సాయంత్రం తడిపిన గడ్డి చల్లగా వాసనేస్తోంది. కాలవ గట్టున కప్పలు అరుస్తున్నాయి... ఉన్నట్టుండి ఆగాయి.

టక్... టక్...

మునీర్ విసనకర్ర ఆపాడు.

కాసేపు నిశ్శబ్దం. తర్వాత... టక్.

గేటు కాదు. తలుపు కాదు. శబ్దం నేలలోంచి వస్తోంది.

టక్... టక్... ఆగింది... టక్.

అరుగు దిగి రెండడుగులు వేశాడు. మూడోది పడలేదు. లోపల్నుంచి సన్నగా తల్లి దువా చదువుతున్న గొంతు వినిపించింది. అంటే ఆవిడకీ వినపడుతోందన్నమాట. ఆ రాత్రి ఇంట్లో ఎవరూ నిద్రపోలేదు.

తెల్లారేసరికి మునీర్‌లో భయం పోయి చిరాకొక్కటే మిగిలింది. నెల రోజులుగా గడ్డీ మట్టీ సమాధీ... ఏదో ఒకటి తేలిపోవాలి! గునపం తీసుకుని తనే దిగాడు. "ఖబర్ తవ్వకు రా! పాపం!" అని వాకిట్లోంచి మెహబూబ్ బీ మొత్తుకుంటోంది. "ఆ పాపమేదో నా ఖాతాలోనే పడనీ!" అని అరిచి ఒక్క పోటు పొడిచాడు.

చాప కింద మట్టి, దాని కింద పెంకుముక్కలూ చెత్తా, రెండడుగుల లోతున బోర్లించిన తుప్పు నూనెడబ్బా. గుంటకి నాలుగువైపులా ఇటికల గోడ, పైన సున్నం. ఎముకలు లేవు. ఏమీ లేవు.

పని బాకీ కోసం వచ్చిన అబ్రహాము రాత్రి చప్పుళ్ళ సంగతి విని, లోపలికి తొంగిచూసి నెత్తి కొట్టుకున్నాడు. "చూడండి సార్, గడ్డి తడపడానికి గోడ వెంట వేసిన మన నీళ్ళ పైపు అతుకు దగ్గర కారతంది. ఆ నీళ్ళు కిందికి దిగి డబ్బా మీద చుక్క చుక్క పడతన్నాయి. మీరిన్న టక్ టక్ ఇదే! పోసిన మట్టంతా ఈ చెత్త సందుల్లోకి జారిపోతంది. దిగక ఏం చేస్తది?"

నెల రోజుల్లో మొదటిసారి మునీర్‌కి నవ్వొచ్చింది. డబ్బా పైకి లాగాడు. దాని కింద ఇంకేదో ఉంది. నున్నగా అరిగిన కర్రముక్క, రెండు కొసలూ మొనదేలి, చిన్న పడవలా.

"తవ్వేశారా?"

గేటు దగ్గర రాఘవమ్మ గారు. పరుగున వచ్చినట్టుంది, రొప్పుతోంది. వచ్చి మునీర్ చేతిలోంచి ఆ కర్రముక్క లాక్కుని గుండెకి హత్తుకుంది.

"ఇది మావారి నాడె, మగ్గం మీద నూలు అటూ ఇటూ తోసేది" అంది. "సమాధీ లేదు, శ్రాద్ధమూ లేదు. ఇది మగ్గం గుంట బాబూ. పైన కూర్చుని కాళ్ళు ఇందులోకి దింపి నేసేవారు. నలభై రెండేళ్ళు. సగం చీర మగ్గం మీదుండగానే పోయారు. మా మరిది ఈ వాటా అమ్మేస్తూ పాక పీకేశాడు, గుంట పూడ్పించాడు. నాడె మటుకు నేనే లోపల పెట్టా. దీని మీద ఎవరూ ఏమీ కట్టకూడదని... దెయ్యముందని చెప్పేదాన్ని. స్కూటరు పడేసిందీ, కుండీ పగలగొట్టిందీ నేనే."

మునీర్ డబ్బా పక్కన పడేశాడు. తిడదామనే నోరు తెరిచాడు. "రాత్రి చప్పుళ్ళు కూడా మీ పనేననుకున్నా మామ్మగారూ. తీరా అది నీళ్ళ చుక్కంట" అన్నాడు.

"చప్పుడా? ఏం చప్పుడు?"

"టక్, టక్... ఒక్క క్షణం ఆగి మళ్ళీ టక్."

రాఘవమ్మ గారు ఆ గుంట అంచునే కూలబడింది. "ఆయనకి ఎడంకాలు సరిగ్గా వంగేది కాదు. రెండు దెబ్బలేసి ఆగేవారు... మళ్ళీ ఒకటి. తొమ్మిదేళ్ళ నుంచీ ఈ గోడకి చెవి ఆనించే పడుకుంటున్నా. నాకు ఒక్కనాడూ వినపడలేదు బాబూ."

అబ్రహాము కారుతున్న పైపు అతుకు కేసి చూశాడు.

మెహబూబ్ బీ వాకర్ పట్టుకుని మెల్లగా మెట్టు దిగింది. వారం రోజుల తర్వాత గడ్డి మీద కాలు పెట్టింది. "ఖబర్ కాదుగా. పనిచేసుకునే మనిషి చోటు. ఆయన చోటు ఆయనకి వదిలెయ్ రా మునీర్. నేను పక్కనుంచి నడుస్తా" అంది. తర్వాత రాఘవమ్మ గారి భుజం మీద చెయ్యేసింది. "రేపటి నుంచి మీరూ రండి. ఇద్దరం నడుద్దాం."

ఆ సాయంత్రానికల్లా పైపు అతుకు బాగుపడింది. చెత్త తీసేసి, గుంటలో పొడిమట్టి దట్టించి, చుట్టూ ఇటికలు పేర్చారు. మిగిలిన గడ్డి చాపలు దాని చుట్టూ కోసి పరిచారు. గోడవారన బోడిగా మూడడుగులు... అంత ఖర్చుపెట్టిన లాను! చూసినప్పుడల్లా మునీర్‌కి పళ్ళు నూరాలనిపించింది. ఐనా అమ్మ ఆరుసార్లు నడిచింది.

రాత్రి తొమ్మిది దాటాక గోడ పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. డబ్బా లేదు, నీళ్ళు లేవు. చప్పుడు కూడా లేదు. హమ్మయ్య అనుకుంటూ లేవబోయాడు.

గోడవతల నులకమంచం కిర్రుమంది.

"బాబూ..." రాఘవమ్మ గారి గొంతు గుసగుసగా. "వినపడతందా?"

లేదని చెప్పాలి. చెప్పలేకపోయాడు. ముసలావిడ తొమ్మిదేళ్ళుగా గోడకి అతుక్కుని ఉంది, ఒక్క అబద్ధానికి ఏం పోయింది? మునీర్ వేలి కణుపులతో గోడ మీద కొట్టాడు. టక్... టక్... ఆగి, టక్.

అవతల మంచం గోడకి ఇంకాస్త దగ్గరగా జరిగింది.

మళ్ళీ కొట్టాడు. మళ్ళీ. చెయ్యి నొప్పెట్టింది. చాల్లే అనుకుని ఆపాడు, కుర్చీలో వెనక్కి వాలాడు. గడ్డి మీద మంచు పడుతోంది. కాలవ గట్టున కప్పలు... ఎప్పుడాగాయో ఆగాయి.

"ఆపమాక బాబూ" అంది రాఘవమ్మ గారు, గోడవతల ఏడుస్తూ. "ఇప్పుడు బాగా వినపడతంది."

అప్పటికి మునీర్ చెయ్యి ఒళ్ళోకొచ్చి చాలాసేపయింది.