షుగర్ చార్టు పట్టించిన మనిషి

లిఫ్టు తలుపులు తెరుచుకోగానే కాపలా ఏజెంటు శవం బోర్లా పడింది. గొంతులో ఆపరేషన్ కత్తి పిడిదాకా దిగి ఉంది.

వార్డుబాయ్ వేషంలో ఉన్న ఏజెంట్ డేగ శవాన్ని దాటి ఏడో నంబరు గదిలోకి పరుగెత్తాడు. ముసలాయన బతికే ఉన్నాడు. విదేశీ ముఠాలో కోడ్ క్లర్కుగా చేసి మనవైపు వచ్చేసిన మనిషి. ఆ ముఠాకి అమ్ముడుపోయిన మన ఏజెంటు ఎవరో ఆయనకే తెలుసు. చీఫ్‌కి తప్ప చెప్పనని భీష్మించాడు. చీఫ్ వచ్చేది రేపు పదకొండింటికి. ఈయనకేమో ఊపిరే ఆడటంలేదు.

ఊపిరితిత్తుల కేన్సర్‌కి ఇమ్యునోథెరపీ ఇచ్చారు. ఆ మందు ఒంట్లో రక్షణ కణాలని రెచ్చగొట్టి కేన్సర్ మీదికి తోలుతుంది. ఒక్కోసారి అవి అదుపు తప్పి ఊపిరితిత్తుల మీదే పడతాయనీ, అణచడానికి మూడు రోజులుగా స్టెరాయిడ్ ఇస్తున్నా గుణం లేదనీ డాక్టరు వాపోయాడు.

రెండు రోజులుగా సూదులు వేస్తున్నది నెమలి. నర్సు డ్రస్సులో కూడా అందం దాచుకోలేని మన ఏజెంటు.

ముసలాయన కోడలు చంటిబిడ్డని భుజాన ఊపుతూ నిలబడి ఉంది.

"మొదటిరోజు సూది పడగానే మామయ్యగారు ఆకలి ఆకలని గోల పెట్టారండీ. ఆవిడ వచ్చాక ముద్ద ముట్టలేదు. అడిగితే, చదువులేనిదానివి నీకేం తెలుసంది."

డేగ షుగర్ చార్టు లాగాడు. మొదటిరోజు 290. తర్వాత 98, 101. స్టెరాయిడ్ పడితే షుగర్ ఎగరాలి. పడుతున్నది ఉత్త సెలైన్.

"లిఫ్టులో వాడూ అదే చార్టు చూశాడు."

గుమ్మంలో నెమలి. చేతిలో లిప్‌స్టిక్ పిస్టల్. గుండు డేగ భుజాన్ని చీల్చింది. అతను కూలేలోపే ఆమె సిరంజి సెలైన్ ట్యూబులో గుచ్చి నొక్కేసింది. పచ్చటి విషం ముసలాయన చేతివైపు జారింది.

కోడలు ట్యూబుని మడిచి పిడికిట్లో బిగించింది. విషం బెత్తెడు దూరంలో ఆగింది.

నెమలి ఆమె జుట్టు పట్టుకుంది. డేగ లేచి, మూలనున్న ఖాళీ సెలైన్ స్టాండు ఎత్తి కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు. రెండో దెబ్బకి నెమలి కిటికీ అద్దం పగలగొట్టుకుంటూ ఆరంతస్తుల కిందికి వెళ్లిపోయింది.

చప్పుడుకి పరుగెత్తుకొచ్చిన డాక్టరు పాత ట్యూబు పీకేసి, అసలు స్టెరాయిడ్ తనే ఎక్కించాడు.

మర్నాడు పదకొండింటికి షుగర్ 310. ముసలాయన ఆకలని కోడలిని సతాయిస్తున్నాడు. చీఫ్ చెవిలో ఒకే పేరు చెప్పాడు.

"నెమలికి ఏమైంది?" చీఫ్ అడిగాడు.

డేగ భుజం కట్టు సర్దుకున్నాడు. "మనల్నే కరిచే కాపలా కణం సార్. మందు వేశాను. డోసే కాస్త ఎక్కువైంది."