ఎవ్వరూ లేని గూడెం

ములకలపల్లి దాటి అడవిలకు పోతే ఒక పాత గూడెం ఉంది. ఎప్పుడో గత్తర రోగం తగిలి ఊరు ఊరంతా పోయిందట. పొద్దుగూకినంక అటు పోయినోడు జ్వరంతోటి మంచాన పడుడే అంటరు. తప్పక పోవాల్సి వస్తే మొదటి గోడ కాడ నిలబడి "ఎవరన్న ఉన్నరా?" అని అడగాలె. జవాబు రాకుంటేనే అడుగు ముందుకెయ్యాలె. వస్తే మాత్రం... ఏం చెయ్యాలెనో చెప్పినోడు లేడు.

రవీందర్‌ది కొత్తగూడెం, బొగ్గుబాయిల పని. ఇంటికొస్తే కంప్యూటర్ ముంగటే. నెట్‌ల ఒక మ్యాప్ ఉంది, దాన్ని ఎవరైనా గియ్యచ్చు. రెండువేల తొమ్మిదిల మన అడవి అందులో ఉత్త తెల్లకాయితమే. వాగులు, బాటలు, ఊర్లు ఒక్కొక్కటే ఎక్కించుకుంట వచ్చిండు. ఈ గూడెం కాడ చెయ్యి ఆగింది. ప్రతిదానికీ ఒక ట్యాగ్ పెట్టాలె కదా! 'ఊరు' అని పెట్టాల్నా, 'పాడుబడ్డ ఊరు' అని పెట్టాల్నా? పోయి కండ్లతోటి చూసినంకనే పెట్టాలె — అది ఆ మ్యాపోళ్ల పద్ధతి.

మంచిగ ఆదివారం పొద్దుగాల పోవచ్చు కదా! ఊహూ. డ్యూటీ దిగి బండేసుకొని పోయేసరికి మసక చీకటి పడ్డది.

అన్నీ మొండి గోడలే. కీచురాళ్లు సుత సప్పుడు చేస్తలేవు.

"ఎవరన్న... ఉన్నరా?"

జవాబు లేదు. అడుగేసిండు. కాలి కింద ఏదో మెత్తగ... వంగి చెయ్యి పెడితే బూడిద. వెచ్చగుంది.

చచ్చినోళ్లు పొయ్యి ముట్టిస్తరా?

గోడ అవతల సన్నగ దగ్గు — ఎవరో నోరు నొక్కినట్టు ఠక్కున ఆగింది. బండి దిక్కు ఉరుకబోయిండు. వెనక ఎండుటాకులు కదిలినయి. తిరిగి చూస్తే... నెత్తిమీంచి దుప్పటి కప్పుకున్న ఆడమనిషి. సంకల పిల్ల.

"ఓరి దేవుడో!" అని వెల్లకిల పడ్డడు.

ఆమె ఆగలే. దగ్గరికొచ్చింది... వంగింది... కాళ్లు పట్టుకుంది.

"మేం బతికే ఉన్నం, అన్నా," అన్నది గుసగుసగ, వచ్చీరాని తెలుగుల. "సరిహద్దు అవతల గొడవలల్ల మా ఇండ్లు కాలబెట్టిన్రు. ఇక్కడున్నమని తెలిస్తే మళ్ల తరుముతరు. చెప్పకు... ఎవ్వరికీ చెప్పకు..."

గోడల చాటున ఇంకా ఎన్నో కండ్లు, రెప్ప కొట్టకుండ వీడినే చూస్తున్నయి.

ఇంటికొచ్చి అన్నం సుత ముట్టకుండ కంప్యూటర్ ముంగట కూసున్నడు. మ్యాప్‌ల ఏం పెట్టకుండ ఇడిస్తే ఇంకోడెవడో చూడ వస్తడు. 'పాడుబడ్డ ఊరు' అని కొట్టిండు.

తెల్లారి బాయి కాడ అందరినీ పిలిచి చెప్పిండు — "ఆ పాత గూడెంల దయ్యాన్ని కండ్లార చూసిన్రా నాయనా! పిల్లను సంకనేసుకొని తిరుగుతుంది. అటు మొకాన పోకుండ్రి."