శుక్రవారం వేడెక్కని యంత్రం

"నా మిషిన్‌ను సంపుతున్నరు జానయ్యా! జర వాన్ని పట్టియ్యి, నీకు దండం పెడ్త!"

1966 మే నెల. నల్గొండలో ప్రైవేటు డిటెక్టివ్‌గా పేరున్న జానయ్య ఇంకా పొద్దుటి చాయ్ కూడా తాగలేదు. ఎదురుగా కాలువ గుత్తేదారు రామచంద్రయ్య చెమట తుడుచుకుంటూ చెప్పిందే చెబుతున్నాడు. బొంబాయిలో ఎవరో వాడుకుని అమ్మేసిన తవ్వే యంత్రాన్ని కొని, కట్టంగూర్ దగ్గర కాలువ పనికి తెచ్చాడు. పది రోజులు బ్రహ్మాండంగా నడిచింది. ఆ తర్వాత రోజూ పదకొండు గంటలయ్యేసరికి దాని హైడ్రాలిక్ ఆయిల్ సలసల కాగుతోంది. తవ్వే చెయ్యి జావగారి, పిడికెడు మట్టి కూడా ఎత్తలేకపోతోంది.

"వహీద్ పనే. డ్రైవర్ వాడే, మెకానిక్ వాడే. శుక్రవారం నమాజుకు పోయొస్తడు, పాపమని గా దినం ఖరాబు చెయ్యడు, పొద్దుగూకేదాక నడుస్తది. కడమ దినాలు ఎందుకు నడ్వదు? అరవై మంది కూలోళ్ల ముంగట దొంగ అని చెప్పిన. మాపటికి ఠాణాకు అప్పజెప్త."

"అన్నీ నువ్వే తేల్చినవు. ఇగ నేనెందుకు?"

"ఠాణాల అమీన్‌సాబ్ సాక్ష్యం కావాలంటుండు."

జానయ్యకు ఒళ్లు మండింది. తీర్పు ముందే రాసిపెట్టుకుని సాక్ష్యం కోసం తిరిగేవాళ్లంటే ఆయనకు మొదటినుంచీ గిట్టదు. అయినా లేచాడు. బడిపంతులు ఉద్యోగం వదిలి ఆయన దగ్గర సహాయకుడిగా చేరిన సైదులు, నోట్‌బుక్ చంకన పెట్టుకుని సంబరంగా వెంట నడిచాడు.

కట్టంగూర్ దాటాక ఎర్రమట్టి కోతలో యంత్రం నిన్నటినుంచీ ఆగిపోయి ఉంది. దాని నీడలో వహీద్ కూర్చున్నాడు. నలభై ఏళ్ల మనిషి. పక్కన ఇద్దరు కాపలా ఉన్నారు.

"పదిహేనేండ్ల సంది బండ్లు బాగుజేస్తున్న సార్. ఎవ్వరు గీ మాట అనలే. ఇయ్యాల ఠాణా ఎక్కితే రేపు నా చేతికి స్పానర్ ఎవరిస్తరు?" లేచి యంత్రాన్ని చూపించాడు. "ఆయిల్ నిండ ఉన్నది. ఫిల్టర్ కడిగిన. ప్రెషర్ వాల్వ్ ఇప్పి చూసిన, ఇరుక్కోలే. కూలర్ల మటుకు దినాం బురద వస్తాంది. తీస్తున్న, మళ్ల వస్తాంది."

"ఇన్నవా!" రామచంద్రయ్య చేతులు చరిచాడు. "గీ ఎండలల్ల బురదంట! అబద్ధం గూడ సక్కగ ఆడస్తలేదు."

"నువ్వు జరసేపు నోరు మూసుకుంటవా?" అన్నాడు జానయ్య.

యంత్రం వెనక్కి వెళ్లాడు. ఇంజన్ వెనక ఇనుప చువ్వల జాలీ, దాని లోపల ఆయిల్‌ను చల్లబరిచే కూలర్ ఉన్నాయి. ఫ్యాను బయటి గాలిని జాలీలోంచి లాగి కూలర్ రేకుల గుండా పంపాలి. యంత్రమంతా పొడి దుమ్మే. కూలర్ రేకుల మధ్య మాత్రం ఎండిన బురద ఉంది. జానయ్య గోటితో గీకితే బురదతోపాటు గోధుమరంగు పీచు ఒకటి వచ్చింది.

"ఇదేమిటి సార్?" అడిగాడు సైదులు.

"పీచు. రాసుకో. వెంటనే కథ అల్లకు."

ఇక విచారణ మొదలైంది. యంత్రాన్ని వహీద్ కాక ఇంకెవరు ముట్టుకున్నారు?

"నేనేడ ముట్టిన సారూ?" అంది కూలీలకు నీళ్లు మోసే జంగమ్మ. "నాకు దానితోని ఏం పని?"

"పొద్దుగాల దండం పెట్టుకుంట. గంతే," అన్నాడు రామచంద్రయ్య.

"అందరు ముట్టనోళ్లే! మరి దానికేమన్న జెరం వచ్చిందా?" జానయ్య తల పట్టుకున్నాడు. దాహమేసి నీళ్ల కుండల దగ్గరికి పోయాడు. అయిదు కుండలకూ తడిగోనెలు చుట్టి ఉన్నాయి. పక్కనే రాతి మీద ఆరో గోనె ఆరుతోంది. దాని మీద నిలువునా చారలు చారలుగా దుమ్ము అట్టకట్టి ఉంది. ఆరో కుండ లేదు.

నీళ్లు తాగి రామచంద్రయ్యను అడిగాడు. "శుక్రవారం నువ్వు ఏడుంటవు?"

"నల్గొండల. వారానికొక్కసారి ఆఫీసుకు పోవాలె గదా."

జానయ్య ఆ గోనెను మడిచి కిందేసుకుని దాని మీదే కూర్చున్నాడు. యంత్రం దగ్గరికి ఎవరూ పది గజాల లోపుకు రావద్దన్నాడు. వహీద్‌తో కూలర్ శుభ్రం చేయించి పని మొదలుపెట్టించాడు. పదకొండు దాటింది, రెండు దాటింది, నాలుగయింది. ఆయిల్ వేడి చూపే ముల్లు ఉండాల్సిన చోటే ఉంది. అప్పుడు అందరినీ పిలిచి గోనె విప్పి, ఇనుప జాలీకి ఆనించాడు. చారలు చువ్వలకు, కూలర్‌లో దొరికిన పీచు గోనెకు సరిగ్గా సరిపోయాయి.

"ఇది జాలీకి ఎవరు కట్టిన్రు?"

"నేనే," అంది జంగమ్మ వెంటనే, రామచంద్రయ్య వైపు చూపిస్తూ. "పటేలు కట్టుమన్నడు."

"ముట్టలేదంటివి గదనే!"

"గోనె గట్టుడు ముట్టుడు ఎట్లయితది సారూ? సల్లవెట్టుడు గదా!"

జానయ్యకు జుట్టు పీక్కోవాలనిపించింది. రామచంద్రయ్య వైపు తిరిగాడు. "ఇగ నువ్వు చెప్పు."

"పదో దినం నూనె ట్యాంకు మీద చెయ్యివెట్టిన, సురుక్కుమన్నది," అన్నాడు రామచంద్రయ్య మెల్లగా. "కడవకు తడిగోనె చుడితే నీళ్లు సల్లగైతయి. నూనె గూడ గట్లనే అనుకున్న."

"కడవ గాలి పీల్చదు, కూలర్ పీలుస్తది! పనిచేసే మిషిన్ల నూనె వెచ్చగనే ఉంటది. నువ్వు దాని ముక్కు మూసినవు. ఫ్యాను లాగిన దుమ్ము తడిగోనెకు తగిలి బురదయి లోపలికి దిగింది. వేడెక్కినకొద్దీ నువ్వు ఇంకా తడిపించినవు. వహీద్ సీటెక్కినంక ఈమె ఎనక గోనె కడ్తది, మిషిన్ ఆగి ఆయన దిగొచ్చేసరికి విప్పి తడపను తీస్కవోతది. ఇగ ఆయనకేం కనవడ్తది?"

"మరి శుక్రవారం?" సైదులు ఆత్రంగా అడిగాడు.

జంగమ్మే జవాబిచ్చింది. "బాయి అరకోసు దూరం. పటేలు లేని దినం ఎవరు తడుపుతరు సారూ?"

సైదులు రాసుకోవడం మరిచిపోయి జానయ్యనే చూస్తూ ఉండిపోయాడు. కాపలావాళ్లు పక్కకు జరిగారు. వహీద్ చేతులు తుడుచుకుని రామచంద్రయ్య ఎదుటికి వచ్చాడు.

"అరవై మంది ముంగట దొంగ అన్నవు పటేలా. వాళ్ల ముంగటనే చెప్పు, కాదని."

కూలీలంతా పారలు దించి నిలబడ్డారు. రామచంద్రయ్య తల వంచుకుని, "వహీద్ దొంగ కాదు. తప్పు నాదే," అని గొణిగాడు.

"ఎన్క ఉన్నోళ్లకు ఇనవడలే పటేలా," అంది జంగమ్మ.

రామచంద్రయ్య తలపాగా తీసి చేత పట్టుకున్నాడు. మట్టిగుట్ట ఎక్కి మళ్లీ చెప్పాడు. ఈసారి అరవై మందికీ వినపడింది.