గింజలు తీసేసిన కాయ

ఎండబెట్టిన మొక్కలు దాచే గది అది. మధ్యాహ్నం మూడింటికి కూడా చీమ చిటుక్కుమంటే వినిపిస్తుంది. ఆ గది చూసుకునే ఆయన పీనాసేం కాదు గానీ, ఫ్యాను మాత్రం వేయనివ్వడు. అట్టల మీద అంటించిన ఆకులు లేచిపోతాయని ఆయన బెంగ.

ఆ రోజు బల్ల మీద ఒకే అట్ట ఉంది. గిలిగిచ్చ జాతిలో ఇంతవరకూ ఎవరూ చూడని మొక్క. చిక్కుడు పువ్వు వాటంలో పసుపు పూలు, ఎండితే గలగలలాడే కాయలు. కింద చీటీలో 'సేకరించినవారు' అన్నచోట ఆయన పేరు. రేపు పొద్దున్నే ఆ పేరుతోనే అచ్చుకు వెళ్తుంది.

గల... గల...

ఆయన తలెత్తాడు. ఆ కాయల్లో గింజలన్నీ తనే తీసి పొట్లం కట్టాడు. మోగడానికి ఏముంది?

నిజానికి ఆ మొక్కను కనిపెట్టింది అక్క. తోడబుట్టింది కాదు, పని నేర్పిన పెద్దావిడ. కొండవాలున మొక్క పీకి ఆయన చేతికిచ్చి, వెనక్కి తిరగబోయి జారిపోయింది. కింద రాళ్ల మధ్య నుంచి "తమ్ముడూ..." అని పిలిచింది. "మొక్క ముందు, మనం తర్వాత" అని రోజూ ఆవిడే చెప్పేది. పువ్వు వాడకముందే కాగితాల మధ్య పెట్టాలి. ఆయన కూర్చుని ఒక్కో రేకూ సర్దాడు. అరగంట పైనే పట్టింది. దిగేసరికి పిలుపు ఆగిపోయింది. "పడగానే పోయింది" అని అందరికీ చెప్పాడు. తలచుకుంటే ఇప్పటికీ తల కొట్టేసినట్టవుతుంది.

గలగల... గలగల...

"తప్పయిందక్కా" అన్నాడు. కలం తీసి తన పేరు కొట్టేసి ఆవిడ పేరు రాశాడు.

చప్పుడు ఆగింది. హమ్మయ్య అనుకున్నాడు. అనుకున్నందుకు మళ్లీ సిగ్గేసింది. ఇంత చవగ్గా బయటపడదామనుకున్నానా అని.

అప్పుడు చూశాడు. చీటీలో ఖాళీగా ఉండాల్సిన 'గమనికలు' చోట తడి సిరా. పక్కకి వాలే ఆవిడ రాత. కొండ మీద ప్రతిదానికీ టైము వేసి రాసుకోవడం ఆవిడ అలవాటు.

'4.10. కాలు విరిగింది. తమ్ముడు పైన కనిపిస్తున్నాడు.

4.25. పిలిచాను. ఇటు చూశాడు.

4.40. రేకులు చక్కగా సర్దుతున్నాడు.'

ఆ కింద ఇవాళ్టి తేదీ. ఇప్పటి టైము. దాని పక్కన ఇంకా ఏమీ లేదు.

ఆయన కలం కోసం చూసుకున్నాడు... చేతిలో లేదు.