వెనక్కి నడిచే గైడు

గుడి మెట్ల దగ్గర టీ తాగుతుండగా బావమరిది ఆ మాట అనేశాడు. అదీ, ఇవాళ ఎండ ఎక్కువగా ఉందని చెప్పినంత తేలిగ్గా.

"వచ్చే నెల నుంచి నేను రాను బావా. ఫోన్ల షాపులో చేరుతున్నా."

గైడుకు టీ గొంతులో అడ్డం పడింది. తేరుకుని ఏదో అనబోయేలోగా టూరిస్టులు వ్యాన్ దిగనే దిగారు. ఒక లెక్చరర్ గారు, ఆయన భార్య, వాళ్ల చిన్నపాప. ఇక చేసేదేముంది? దిగమింగుకుని నవ్వు మొహం పెట్టాడు.

ఆ నవ్వు గుడి దాటకముందే వాడిపోయింది. గుడి కట్టించిన రాణి కథ మొదలుపెట్టగానే లెక్చరర్ గారు ఫోను చూసి, "రాజు కట్టించాడని ఉందే ఇక్కడ" అన్నాడు. ఆయన పట్టిన కుందేటికి మూడే కాళ్లు. గైడు నోరు తెరిస్తే చాలు, ఆయన ఫోను తెరుస్తాడు. బీచిలో మరీ అన్యాయం. పాప నీళ్లలోంచి రానంటే రానంది. వచ్చాక వాళ్లమ్మ ఇసుక దులిపి, బట్టలు మార్చి, ఫోటోలకు నిలబెట్టింది. పాప మళ్లీ తడిసింది. సూర్యుడు కొబ్బరిచెట్ల వెనక్కి జారుతుంటే గైడు అరిచేతులు నలుపుకుంటూ నిలబడ్డాడు.

"కోట రేపు చూద్దాం సార్. లోపల చీకటి పడిపోతుంది."

"మూడూ ఒకే రోజు చూపిస్తానన్నారుగా?"

గైడుకు అరికాలి మంట నెత్తికెక్కింది. కానీ టూరిస్టు మీద విసుక్కోకూడదు. కాబట్టి కోట గుమ్మం ముందు వ్యాన్ ఆపి, ఆ మంటంతా బావమరిది మీద కుమ్మరించాడు.

"వేలు పట్టుకుని పని నేర్పానురా. నువ్వేమో తిన్నింటి వాసాలు లెక్కపెడుతున్నావు!"

"రోజంతా నీ వీపు చూస్తూ ఎన్నాళ్లు బతకను బావా? ఇవాళ నువ్వే నడువు, ఆ గోడలే నీకు దారి చెబుతాయి" అని బావమరిది వ్యాన్ దగ్గరే చతికిలబడ్డాడు.

ఈ వీపు గొడవేమిటంటే, గైడు వెనక్కి నడుస్తాడు. కోట లోపలి దారి ఇరుకు. ముందు నడుస్తూ కథ చెబితే మాట వెనకున్నవాళ్లకు వినపడదు. పైగా మొహం తిప్పితే టూరిస్టులు ఫోన్లలో పడతారు. అందుకని అతను వాళ్లకు ఎదురుగా తిరిగి, కళ్లలో కళ్లు పెట్టి కథ చెబుతూ, వెనక్కి అడుగులేస్తాడు. వెనకాల బావమరిది ఉంటాడు. మెట్టు వస్తే భుజం మీద ఒకసారి తడతాడు. ఆగాలంటే చెయ్యి అలాగే ఉంచుతాడు. ఇన్నేళ్లలో గైడు ఒక్కసారీ తూలలేదు. అలా నడిచే గైడు ఆ ఊళ్లో ఇతనొక్కడే. బావమరిది పోతే ఇతనూ అందరిలాంటి గైడే. అంతకంటే పెద్ద బాధ, చిన్నప్పటి నుంచి ఇంట్లో కొడుకులా పెరిగినవాడు పోతానంటున్నాడు. అది మాత్రం పైకి అనలేడు.

లోపల గబ్బిలాల వాసన. గోడలకు ఉప్పు చెమ్మ. సముద్రం హోరు రాతిలోంచి వస్తున్నట్టు సన్నగా వినిపిస్తోంది. దారి మొదట్లో గైడు అలవాటు చొప్పున టూరిస్టుల వైపు తిరిగాడు. వెనకాల ఎవరూ లేరన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. తిరిగి మామూలుగా నడవచ్చు. కానీ లెక్చరర్ గారి ముందు తగ్గడమా? 'కళ్లు మూసుకున్నా నాకీ దారి తెలుసు' అనుకుని అడుగు వెనక్కి వేశాడు.

కొంత దూరం పోయాక... భుజం మీద తట్టు.

కాలు జాగ్రత్తగా వెనక్కి పెట్టాడు. మెట్టు ఉంది.

గైడు గుండె తేలికపడింది. బావమరిది సముద్రం వైపు గోడ సందులోంచి దొంగదారిన వచ్చి తన వెనక చేరాడన్నమాట. కోపమొచ్చినా మనవాడు మనవాడే.

"వచ్చావా?" అని తల తిప్పకుండానే గొణిగాడు. జవాబు లేదు. ఇంకా బెట్టు చేస్తున్నాడనుకున్నాడు.

ఆ హుషారులో కథ ఎన్నడూ లేనంత బాగా కుదిరింది. లెక్చరర్ గారు సైతం ఫోను దించేశాడు. ఒక తట్టు, ఒక మెట్టు. మళ్లీ తట్టు, మళ్లీ మెట్టు... అన్నీ కిందికే. ఈ దారిలో మెట్లు పైకి కదా వెళ్లాలి? ఆ ఆలోచన వచ్చేసరికి చొక్కాలోంచి చలి ఎముకకు తగిలింది. బావమరిది చెయ్యి ఎప్పుడూ వెచ్చగా ఉంటుంది.

లెక్చరర్ గారి భార్య పాపను దగ్గరికి లాక్కుంది. ఫోను లైటు గైడు భుజం మీద వేసింది.

"అన్నయ్యగారూ... మీ చొక్కా..."

"మా బావమరిదమ్మా. దారి చూపిస్తున్నాడు."

"మీ వెనకాల ఎవరూ లేరు." ఆవిడ గొంతు పీలగా వచ్చింది. "కానీ... భుజం మీద తడి... వేళ్లలాగా..."

గైడు కదల్లేదు. చెయ్యి ఇప్పుడు తట్టడం లేదు. వెనక్కి లాగుతోంది. నెమ్మదిగా... బతిమాలుతున్నట్టు... ఇంకొక్క అడుగు...

ఆవిడ లైటు కిందికి దించింది. గైడు మడమల వెనక నేల లేదు. లోతులో ఎక్కడో నీళ్లు రాతిని నాకుతున్న చప్పుడు.

"పరిగెత్తండి!"

అతను ముందుకు తూలి పాపను ఎత్తుకున్నాడు. లెక్చరర్ గారి చెప్పు ఒకటి ఊడింది. ఎవరూ ఆగలేదు. గోడలకు మోచేతులు గీసుకుంటూ, మెట్లకు తట్టుకుంటూ... గుమ్మం బయట పడేసరికి ఇంకా కాస్త వెలుతురు మిగిలే ఉంది.

బావమరిది వ్యాన్ బయట నిలబడి ఉన్నాడు. ఏడ్చి తుడుచుకున్న మొహం, దాని మీద తేటగా నవ్వు. వీళ్లను చూడగానే ఆ నవ్వు అలాగే బిగుసుకుపోయింది.

"బావా... నువ్విటు నుంచి వస్తున్నావేంటి?"

"ఎటు నుంచి రావాలిరా?"

"నువ్వు... ఇందాకే వ్యాన్ ఎక్కావు కదా."

గైడు పాపను వాళ్లమ్మకు అందించాడు. బావమరిది మాటలు తడబడుతూ వస్తున్నాయి.

"కోపం తగ్గింది బావా. సందులోంచి లోపలికి వచ్చాను. నువ్వు వెనక్కి నడుచుకుంటూ వస్తున్నావు... నీ ముందు వీళ్లు ముగ్గురూ. చీకట్లో మొహాలు కనబడలేదు. ఎప్పటిలాగే భుజం తడుతూ ఆ సందులోంచే బయటికి తెచ్చాను. నువ్వు ఒక్కసారీ తిరగలేదు. నా మీద అలక అనుకున్నా. అలాగే వెనక్కి వెనక్కే వ్యాన్ ఎక్కి కూర్చున్నావు."

వ్యాన్ నల్లద్దాల వెనక తలలు కనబడుతున్నాయి. కదలకుండా, బుద్ధిగా కూర్చున్న తలలు.

"ఆ ఎక్కినవాడు ఏమన్నాడు?" గైడు గుసగుసగా అడిగాడు. "నీతో ఏమైనా అన్నాడా?"

"మాటిమ్మన్నావు. దారి పొడుగునా అదే... నన్ను వదిలి పోనని మాటివ్వరా, మాటివ్వరా అని. నువ్వెప్పుడూ అలా నోరు తెరిచి అడగలేదు కదా బావా... నాకు ఏడుపొచ్చేసింది."

"ఇచ్చావా?"

బావమరిది తన అరచేతిని చూసుకున్నాడు. అది ఇంకా తడిగానే ఉంది.

"చేతిలో చెయ్యేసి ఇచ్చాను. ఎక్కడికీ పోను, నువ్వెక్కడుంటే నేనక్కడే అని."

పొద్దుటి నుంచి గైడు వినాలని తపించిపోయిన మాట అదే. అది తనకు కాక ఇంకెవరికో చేరింది. అతను బావమరిది మణికట్టు రెండు చేతులతో బిగించి పట్టుకున్నాడు.

"నేను విడవనురా. ఏమైనా కానీ, నిన్ను విడవను."

వ్యాన్ తలుపు లోపలి నుంచి మెల్లగా జరిగింది. లోపల చీకటి. కిటికీ పక్కన కూర్చున్న ఆకారం కాస్త అటు జరిగి, సీట్లో ఒక్కరికి చోటు చేసింది.