గుహలో అరవై మేకలు

విజ్ఞపురాన్ని నీటి ఎద్దడి పట్టుకుంది. గంభీరాక్షుడనే రాక్షసుడు ఏటిని తన గుహలోకి మళ్లించుకున్నాడు. ధీమంత మహారాజు పంపిన అరవైమంది భటులూ అక్కడ మేకలైపోయారు. రాజుగారి కొలువులో ఎవరేం చెప్పినా "చిత్తం, అర్థమైంది" అనడం మర్యాద. కాలేదన్నవాడికి తలపాగా ఊడేది. పాపం, ఆ మర్యాదనే వాళ్లు గుహలోనూ పాటించారు!

ఆ మేకల్లో బుట్టలల్లే సుంకమ్మ వాళ్లన్న కొమరయ్య ఒకడు. అన్న తప్ప ఆమెకు ఎవరూ లేరు. ఏడ్చి, కళ్లు తుడుచుకుని, అడవిదారి పట్టింది. బుట్టలో ఒక్క వెదురుబద్ద వరస తప్పినా మొత్తం విప్పి మళ్లీ అల్లే మనిషి ఆమె.

మడుగు దగ్గర మాటలాడే తాబేలు గుహకు దారి చెప్పింది.

"అర్థం కాలేదు తాతా, మళ్లీ చెప్పవూ?" అంది సుంకమ్మ.

నాలుగోసారికి తాబేలు విసిగిపోయింది. "నీతో వేగలేను తల్లీ, ఎక్కు!" అని వీపు మీద మోసుకెళ్లి గుహ ముందు దించింది.

రాక్షసుడు మీసం దువ్వాడు. "పిల్లా, విను! ఉన్నది లేనిదై, లేనిది ఉన్నదై, రెండూ మూడై నిలిచెను. అర్థమైందా? అయిందన్నవాళ్లు తమ మాటల్లో విడమరిచి చెప్పాలి. చెప్పలేకపోతే మేకే! ఈ గుహలో ఎవరికైనా ఇదే శాసనం."

"అర్థం కాలేదయ్యా. రెండు మూడెలా అవుతాయి?"

రాక్షసుడు తెల్లబోయాడు. ఆ ప్రశ్న ఇంతవరకు ఎవరూ అడగలేదు. "అంటే... నిలిచెను కదా! అందుకని."

"ఏది నిలిచింది? ఎక్కడ?"

రాక్షసుడు వేళ్లు మడిచి రెండూ మూడూ లెక్కపెట్టుకున్నాడు.

"పోనీ, మీకైనా అర్థమైందా అయ్యా?"

"ఎంత మాట! నాకు అర్థం కాకపోవడమా? అర్థమైంది!"

"అయితే మీ మాటల్లో చెప్పండి."

"అది... అనగా... మే... మే!"

రాక్షసుడికి మేక గడ్డం, కొమ్ములు మొలిచాయి. శాసనం చేసినవాడే దానికి చిక్కడంతో మాయ వీడింది. ఏరు గలగలా బయటికి దూకింది. అరవై మేకలూ మనుషులయ్యాయి. సుంకమ్మ అన్నను కావలించుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

రాజు ఆమెను మంత్రిణిగా నియమిస్తూ, ఆస్థానకవి రాసిచ్చిన ప్రశంసాపత్రం గంటసేపు చదివాడు. "అర్థమైందా?" అన్నాడు చివర.

కొలువంతా తల వంచబోయింది. కొమరయ్య మాత్రం తలపాగా తానే తీసి చంకలో పెట్టుకుని లేచాడు.

"అర్థం కాలేదు ప్రభూ!"

రాజు సింహాసనం మీద కూలబడ్డాడు. "హమ్మయ్య! నాకూ కాలేదయ్యా. అమ్మా సుంకమ్మా, ఆ కవిని పిలిపించి అడుగు!"