రెండు లీటర్లు

మధ్యాహ్నం మూడైంది. వార్డులో మంచాలు రెండే. కిటికీ పక్కది ఖాళీ. రెండోదాని మీద నర్సు తండ్రి. ఆయన మూత్రపిండాలు చేతులెత్తేశాయి. రక్తం శుభ్రం చేసే యంత్రం మూలపడి నెల దాటింది. అందుకే డాక్టరు పాత పద్ధతికి దిగాడు. ముక్కులోంచి పేగుల్లోకి గొట్టం వేసి ఉప్పునీళ్లు పోస్తారు. అవి ఒంట్లోని మురికిని పట్టుకుని కింది గొట్టంలోంచి సీసాలోకి రావాలి. ఎంత వచ్చాయో కొలిచి, పారబోసి, కాగితం మీద రాయడం నర్సు పని.

ఆ పని ఆవిడ ఎంత బాగా చేస్తుందో ఖాళీ మంచానికి తెలుసు. పోయిన వారం దాని మీద ఒక తాపీమేస్త్రి ఉండేవాడు. "కడుపు బిగుస్తోంది సిస్టరమ్మా" అని ఒకటే గొడవ. "నోరు మూసుకుని పడుకో" అనేది ఈవిడ. వంగి సీసా చూడ్డానికి కూడా బద్ధకించి, రెండు లీటర్లు వచ్చాయని రాసిపారేసింది. అది చూసి డాక్టరు ఇంకా పొయ్యమన్నాడు. సాయంత్రానికి మేస్త్రి పోయాడు. ఈ మహాతల్లి ఒక్క పూట కూడా అన్నం మానలేదు.

ఇవాళ మాత్రం ఒళ్లంతా కళ్లు చేసుకుని కూర్చుంది. సీసాలో చుక్క లేదు. తండ్రి పొట్ట ఉబ్బుతోంది. ఎక్కడినుంచో తడి సిమెంటు వాసన...

"నొప్పిగా ఉందే చిట్టీ..." గొణిగాడు తండ్రి.

ఉప్పునీళ్లు ఆపడానికి పైగొట్టం మర బిగించింది. లోపలికి పడే చుక్కలు ఆగలేదు. పరుగున వెళ్లి డాక్టర్ని పిలుచుకొచ్చింది.

"బయటికేమీ రావట్లేదు సార్. ఆపేద్దాం."

డాక్టరు కాగితం తీసి చూశాడు. "రెండు లీటర్లు వచ్చాయని రాశావుగా. ఆటలాడుతున్నావా?"

తన చేతిరాతే. సిరా ఇంకా తడిగా ఉంది. పొద్దున్నుంచీ తను పెన్ను ముట్టలేదు...

"నేను రాయలేదు సార్. సీసా చూడండి, ఖాళీ."

"పారబోశాకేగా రాస్తావు. పొట్ట కాస్త ఉబ్బుతుందిలే, ఇంకా పొయ్యి." మర పూర్తిగా తెరిచేసి వెళ్లిపోయాడు. మేస్త్రి విషయంలోనూ ఇదే మాట అన్నాడు.

ఆమె తండ్రి ముక్కులోని గొట్టం పట్టుకుని లాగింది. రాలేదు. మళ్లీ లాగింది. లోపలినుంచి ఎవరో పట్టుకున్నట్టు... అటువైపు లాగుతున్నట్టు...

తండ్రి చెయ్యి లేచి ఆమె మణికట్టు పట్టుకుంది. గరుకుగా, చల్లగా ఉంది. గోళ్లలో సిమెంటు.

ఆమె పుట్టినప్పటినుంచీ చిట్టీ అని తప్ప పిలవని ఆ నోరు మెల్లగా తెరుచుకుంది.

"కడుపు బిగుస్తోంది... సిస్టరమ్మా."